టెక్ హౌస్ సెట్ కోసం ఆరు వారాలు: కీ, టెంపో కలపడంలో నాకు ఎదురైనవి

టెక్ హౌస్ అంటే డ్రమ్స్, బేస్ మీద నడిచే డ్యాన్స్ సంగీతం. ఆ ట్రాక్‌లను డీజేలా ఆపకుండా ఒకదానిలోంచి ఇంకోదానిలోకి కలుపుతూ ఒక సెట్ చేయాలనుకున్నాను. జనవరి 5న నా ఫోల్డర్‌లో 140 ట్రాక్‌లు ఉన్నాయి. ఫిబ్రవరి 17న 91 నిమిషాల మిక్స్ రికార్డయింది. మొదట్లో వేసుకున్న లెక్క రెండు వారాలే. సాఫ్ట్‌వేర్ బీపీఎం (నిమిషానికి ఎన్ని బీట్లో, అంటే టెంపో) చెప్తుంది, కీ (ట్రాక్ ఏ స్వరం ఆధారంగా, మేజర్‌లోనో మైనర్‌లోనో నడుస్తోందో) చెప్తుంది, దగ్గర అంకెలు చూసి వరుస పెట్టుకుంటే సరిపోతుందనుకున్నాను. తీరా చూస్తే ఆ రెండు అంకెలను నమ్మదగ్గట్టు చేసుకోవడానికే సుమారు రెండు వారాలు పోయాయి. ఇదే పని మొదలుపెట్టబోయేవాళ్లకు ఏ మెట్టు దగ్గర ఎంత సమయం పడుతుందో, ఏది ఎందుకు చెడుతుందో తెలియాలని వరుసగా రాస్తున్నాను.

జనవరి 5, 6: ఫైళ్ల ఏరివేత

ముందు 17 ట్రాక్‌లు తీసేయాల్సి వచ్చింది. అవన్నీ మూడు నిమిషాల చిన్న వెర్షన్లు. మొదట్లోనే గొంతు వచ్చేస్తుంది, చివర్లో ఠక్కున ఆగిపోతుంది. కలపడానికి ముందూ వెనకా కనీసం 16 బార్ల (నాలుగు బీట్లు ఒక బార్) ఉత్త డ్రమ్స్ ఉండాలి, 32 ఉంటే ఇంకా మంచిది. ఎక్స్‌టెండెడ్ మిక్స్ అని ఉన్నవే తీసుకోవాలి.

ఇంకో నాలుగు ఫైళ్లు పైకి 320 కిలోబిట్లని చూపిస్తున్నాయి కానీ స్పెక్ట్రమ్ తెరిచి చూస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు తెగిపోయాయి. తక్కువ నాణ్యత ఫైల్‌ను మళ్లీ ఎక్కువ బిట్‌రేట్‌కు మార్చినప్పుడు కనిపించే గుర్తు అది. ల్యాప్‌టాప్ స్పీకర్లలో తేడా తెలియదు, పెద్ద స్పీకర్లలో హై హ్యాట్ (డ్రమ్స్‌లోని కంచు పళ్లేలు) మీద గుడ్డ కప్పినట్టుంటుంది. మిగిలినవి 119.

నిల్వ సంగతి కూడా చూసుకోవాలి. 320 ఎంపీ3 నిమిషానికి 2.4 మెగాబైట్లు, కుదించని 16 బిట్ ఫైల్ అయితే 10.6. కుదించని వాటిలో వేవ్ కన్నా ఏఐఎఫ్‌ఎఫ్ మేలు. వేవ్ ఫైళ్లలో రాసుకున్న ట్యాగ్‌లు ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి వెళ్లేసరికి చాలాసార్లు ఎగిరిపోతాయి. నా సెట్‌లో కీ, వ్యాఖ్యలు అన్నీ ట్యాగ్‌లలోనే ఉన్నాయి కాబట్టి అది పెద్ద విషయం. ఎంపీ3గా కొన్నవాటిని మాత్రం అలాగే ఉంచాను. మార్చితే సైజు పెరుగుతుందే తప్ప నాణ్యత తిరిగి రాదు.

జనవరి 7 నుంచి 11: బీట్‌గ్రిడ్

బీట్‌గ్రిడ్ అంటే ట్రాక్‌లో ప్రతి బీట్ ఎక్కడ పడుతుందో సాఫ్ట్‌వేర్ గీసే గీతలు. ఆ విశ్లేషణ 40 నిమిషాల్లో ముగిసింది. ఆ ఫలితాలను సరిచూడ్డానికి ఐదు రోజులు, రోజుకు రెండు గంటలు పట్టింది. 119లో 31 గ్రిడ్‌లు తప్పు.

మూడు ట్రాక్‌లకు 126కు బదులు 94.5 అని వచ్చింది. అది సరిగ్గా ముప్పాతిక. బేస్‌లైన్ (మంద్రంలో నడిచే స్వరాల వరుస) కిక్‌తో కాకుండా వేరే చొప్పున నడుస్తుంటే సాఫ్ట్‌వేర్ ఆ నడకనే తాళం అనుకోవచ్చు. ఇది కంటికి కనిపించే తప్పు, దిద్దడం తేలిక. కనిపించనివే ప్రమాదం. 127.98 లాంటి అంకె చూడగానే దగ్గర్లోనే ఉంది కదా అనిపిస్తుంది. 128 మీద 0.02 తేడా ఆరు నిమిషాల ట్రాక్ చివరికి 56 మిల్లీసెకన్లు అవుతుంది. రెండు ట్రాక్‌ల కిక్‌ల (బేస్ డ్రమ్ దెబ్బల) మధ్య 20, 30 మిల్లీసెకన్లు దాటితే ఒక్క దెబ్బ రెండు దెబ్బలుగా వినిపిస్తుంది. మనం బయటికి కలిపేది ట్రాక్ చివర్లోనే కదా, తప్పు కూడా సరిగ్గా అక్కడే పెద్దదవుతుంది.

చివరికి నిలబడిన పద్ధతి ఇది. మొదటి శుభ్రమైన కిక్ దగ్గరకు వెళ్లి, అలను బాగా పెద్దది చేసి, శబ్దం లేవడం మొదలయ్యే చోట గీత పెట్టాలి. అల శిఖరం మీద పెట్టకూడదు, ఒక్కో కిక్‌కు శిఖరం ఒక్కో చోట ఉంటుంది. తర్వాత మెట్రోనోమ్ వేసి నేరుగా ట్రాక్ చివరి కిక్ దగ్గరకు దూకాలి. కిక్ గీత కన్నా ముందే పడుతుంటే అసలు టెంపో చూపిస్తున్నదానికన్నా ఎక్కువ, వెనక పడుతుంటే తక్కువ. ఆ తర్వాత బ్రేక్‌డౌన్ (డ్రమ్స్ ఆగే భాగం) అయ్యాక వచ్చే డ్రాప్ (కిక్, బేస్ మళ్లీ ఒక్కసారిగా దిగే చోటు) దగ్గర ఇంకోసారి చూడాలి. రెండు ట్రాక్‌లలో బ్రేక్‌డౌన్ పొడవు అర బీట్ ఎక్కువుంది. ముందు భాగమంతా బాగుండి, డ్రాప్ నుంచి గ్రిడ్ మొత్తం అర బీట్ పక్కకు జరిగింది. అలాంటి చోట రెండో గ్రిడ్ గుర్తు పెట్టుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువగా దొరికిన తప్పు, "ఒకటి" (బార్ మొదటి బీట్ గుర్తు) రెండో బీట్ మీద పడడం. క్లాప్ (చప్పట్ల శబ్దం) గట్టిగా ఉన్న చోట సాఫ్ట్‌వేర్ దాన్నే మొదటి బీట్ అనుకుంటుంది. టెంపో సరిగ్గానే ఉంటుంది, సింక్ (రెండు ట్రాక్‌ల బీట్లను దానంతటదే కలిపే బటన్) నొక్కితే కిక్‌లు కలుస్తాయి, కానీ 8 బార్లు, 16 బార్లు లెక్కపెట్టి తీసుకొచ్చే డ్రాప్ ఒక బీట్ ముందో వెనకో పడుతుంది. వినేవాళ్లకు ఏం జరిగిందో చెప్పడం రాకపోవచ్చు, అడుగు తడబడిన సంగతి మాత్రం తెలుస్తుంది.

ఒక సాయంత్రం అనవసరంగా పోయింది. పాత గ్రిడ్‌లు కొన్ని ఇంకో ప్రోగ్రామ్ నుంచి తెచ్చుకున్నాను. అవి ఎంపీ3 ఫైళ్లలో అన్నీ ఒకే దూరం పక్కకు జరిగి కనిపించాయి. 22 ట్రాక్‌లను చేత్తో జరిపాక గానీ అన్నిట్లో తేడా 26 మిల్లీసెకన్లేనని గమనించలేదు. ఎంపీ3లో ఒక ఫ్రేమ్ 1,152 శాంపిళ్లు, సెకనుకు 44,100 చొప్పున లెక్కవేస్తే 26 మిల్లీసెకన్లు. ఫైల్ మొదట్లో ఎన్‌కోడర్ చేర్చే ఖాళీని ఒక ప్రోగ్రామ్ లెక్కలోకి తీసుకుంటుంది, ఇంకోటి తీసుకోదు. అన్ని ట్రాక్‌లూ ఒకే దూరం తప్పితే ట్రాక్‌లో లోపం వెతకొద్దు, గ్రిడ్ తీసేసి కొత్తగా విశ్లేషించండి.

మొదటి రోజు రెండు గంటల్లో తొమ్మిదే అయ్యాయి. చివరి రోజు 40 అయ్యాయి.

జనవరి 12 నుంచి 20: కీ

ఇది అన్నిటికన్నా కష్టమైన భాగం, అన్నిటికన్నా ఎక్కువ నేర్పింది కూడా.

ముందు ఒక గందరగోళం విప్పాలి. కొన్ని ఫైళ్లలో కీ కామెలాట్ పద్ధతిలో ఉంది, కొన్నిట్లో ఓపెన్ కీ పద్ధతిలో ఉంది. రెండూ కీలను చక్రంలా పేర్చి 1 నుంచి 12 అంకెలిచ్చే పద్ధతులే, పక్క అంకెలవి బాగా కలుస్తాయి. కామెలాట్‌లో ఏ మైనర్ 8ఎ, ఓపెన్ కీలో అదే 1ఎం. ఓపెన్ కీ అంకెకు 7 కలిపితే కామెలాట్ అంకె వస్తుంది, 12 దాటితే 12 తీసేయాలి. ఇది చూసుకోకుండా అంకెల వరుసలో పేర్చితే, పక్కపక్కన ఉన్నాయనుకున్నవి నిజానికి చక్రంలో అటు చివర ఉంటాయి. కింద రాసినవన్నీ కామెలాట్ అంకెలే. అంకె పక్కన ఎ ఉంటే మైనర్, బి ఉంటే మేజర్. ఆ అక్షరాలు స్వరం పేర్లు కావు.

119 ట్రాక్‌లను రెండు వేర్వేరు ప్రోగ్రామ్‌లతో చూస్తే 74 చోట్ల ఒకే మాట చెప్పాయి. మిగిలిన 45లో 14 చోట్ల తేడా ఒకే అంకెకు చెందిన మైనర్, మేజర్ల మధ్యే. 4ఎ, 4బి లాంటివి. స్వరాలు ఏడూ అవే కాబట్టి దానితో ఇబ్బంది లేదు. 12 చోట్ల పంచమం దూరం. మిగిలిన 19 ఎటూ పొంతన లేనివి. ఆ రెండు ప్రోగ్రామ్‌లూ ఏకీభవించిన 74లో కూడా ఆరు చోట్ల చెవి ఒప్పుకోలేదు.

ఇంత తేడా ఎందుకంటే టెక్ హౌస్‌లో కీ తేల్చడానికి ఆధారాలే తక్కువ. బేస్‌లైన్‌లో ఒకటో రెండో స్వరాలు, తీగలు అసలుండవు, గొంతు ముక్కలు మాటలాగా ఉంటాయి, పైన సైరన్ ఒకటి జారుతూ పోతుంటుంది. విశ్లేషణ చేసే ప్రోగ్రామ్ ఆ సైరన్‌నూ, శ్రుతి చేసిన టామ్ డ్రమ్‌నూ కూడా రాగంలో భాగంగా లెక్కేస్తుంది.

చెవితో తేల్చిన తీరు ఇలా. డ్రాప్ తర్వాత బేస్‌లైన్ పూర్తిగా ఉన్న 8 బార్లు లూప్ చేయాలి. 200 హెర్ట్జ్ పైన ఉన్నదంతా ఫిల్టర్‌తో తీసేయాలి. అంత మంద్రంలో స్వరం గుర్తుపట్టడం ఎవరికైనా కష్టమే కాబట్టి, ఆడియో ఎడిటర్‌లో ఆ ముక్కను సరిగ్గా ఒక స్థాయి పైకి జరిపి వినాలి. అప్పుడు కీబోర్డు మీద ఒక్కో మెట్టు నొక్కుతూ పోతే ఏదో ఒక స్వరం దగ్గర ట్రాక్ వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. అదే ఆధారం, మన భాషలో షడ్జమం. తర్వాత గాంధారం వెతకాలి, చిన్నదైతే మైనర్, పెద్దదైతే మేజర్. చాలా ట్రాక్‌లలో గాంధారమే ఉండదు. అప్పుడు ఆధార స్వరం మాత్రం రాసుకుని వదిలేయాలి. అలాంటి ట్రాక్ మైనర్‌తోనూ మేజర్‌తోనూ కలుస్తుంది, నిజానికి అది వరమే.

ఆ ఆరు చోట్ల రెండు ప్రోగ్రామ్‌లూ కలిసి ఎందుకు తప్పాయో తెలుసుకున్న రోజు చాలా సంతోషమేసింది. బేస్‌లైన్ ఎఫ్ మీద నిలబడి, అరమెట్టు పైనున్న జి ఫ్లాట్‌ను తాకి మళ్లీ ఎఫ్‌కు వస్తోంది. తోడి రాగంలో షడ్జమాన్ని ఆనుకుని శుద్ధ రిషభం ఉన్నట్టన్నమాట. పాశ్చాత్య పేరు ఫ్రిజియన్. ఆ ఏడు స్వరాలూ డి ఫ్లాట్ మేజర్ స్వరాలే, అంటే 3బి. దాని జత బి ఫ్లాట్ మైనర్, 3ఎ. ప్రోగ్రామ్‌కు మేజర్, మైనర్ తప్ప మూడో గడి లేదు కాబట్టి 3ఎ అని రాసింది. కానీ ట్రాక్ నిలబడేది ఎఫ్ మీద, చెవికి అది 4ఎ. రెండు అంకెలూ రాసుకోవాలి. పైనున్న స్వరాలు కలవాలంటే 3, బేస్ కలవాలంటే 4. టెక్ హౌస్‌లో వినేవాళ్ల ఒంటికి తగిలేది బేసే కాబట్టి నేను ఆధార స్వరానికే మొగ్గాను.

11 ట్రాక్‌లు ఉత్త డ్రమ్స్. వాటికి కీ గడిలో సున్నా పెట్టాను. అయితే కిక్ తోక పొడవుగా ఉంటే ఆ కిక్‌కూ శ్రుతి ఉంటుంది. కిక్ 43.65 హెర్ట్జ్ ఎఫ్ మీద, అవతలి బేస్ 46.25 హెర్ట్జ్ ఎఫ్ షార్ప్ మీద ఉంటే, ఆ రెండూ కలిసినంతసేపూ సెకనుకు 2.6 సార్లు ఊగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో లీలగా వినపడేది పెద్ద స్పీకర్లలో కడుపులో తిప్పినట్టుంటుంది. అలాంటి కిక్‌లకు స్వరం పేరు విడిగా రాసుకోవాలి.

ఇంకో ఏడు ట్రాక్‌లు ఏ మెట్టు మీదా సరిగ్గా కూర్చోలేదు. రెండు మెట్ల మధ్య, 30 నుంచి 50 సెంట్లు పక్కకు ఉన్నాయి. వంద సెంట్లు కలిస్తే ఒక అరమెట్టు. వేగం మార్చిన శాంపిల్ (వేరే రికార్డింగ్ ముక్క) మీద ట్రాక్ కట్టినప్పుడు, లేదా తయారైన ట్రాక్‌ను కీ లాక్ (వేగం మార్చినా శ్రుతి మారకుండా పట్టే బటన్) లేకుండా వేగం పెంచినప్పుడు ఇలా వస్తుంది. మొదట వీటిని పారేద్దామనుకున్నాను. తర్వాత లెక్కవేస్తే ఒకదానికి దారి దొరికింది. అది 128 బీపీఎం, 40 సెంట్లు ఎక్కువ. కీ లాక్ తీసేసి 125కు దించితే 2.3 శాతం తగ్గుతుంది, శ్రుతి 41 సెంట్లు దిగుతుంది, సరిగ్గా మెట్టు మీద కూర్చుంటుంది. ఆ ట్రాక్‌కు సెట్ మొదట్లో, 125 దగ్గర చోటు ఖాయమైంది.

తొమ్మిది రోజులు పట్టడానికి కారణం చెవి అలసిపోవడం. 45 నిమిషాలు దాటాక ప్రతి ట్రాక్ ముందు విన్న కీలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. మొదటి రెండు రోజులు మొండిగా మూడేసి గంటలు కూర్చుని చేసిన పనిలో సగం మళ్లీ చేయాల్సి వచ్చింది. వాల్యూమ్ కూడా అదుపులో ఉండాలి. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు హద్దు అనుకుంటే, ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 100 దగ్గర మిగిలేది పావుగంటే.

జనవరి 21 నుంచి 28: సింక్ లేకుండా టెంపో

గ్రిడ్‌లన్నీ సరిచేశాక సింక్ ఎందుకు తీసేయాలి? మన గ్రిడ్‌ను చదవని ప్లేయర్ ఎదురైతే చేతులే దిక్కు. ఇంకో లాభం ఏమిటంటే, సింక్ కలిపినప్పుడు కూడా ఎక్కడో జారుతుంటే వెంటనే పసిగట్టే చెవి దీనితోనే వస్తుంది.

126 దగ్గర ఒక బీట్ 476 మిల్లీసెకన్లు, 32 బార్లు 61 సెకన్లు. టెంపోలో 0.1 తేడా ఉంటే ఆ 32 బార్లలో 48 మిల్లీసెకన్లు జారుతుంది, అంటే సగం దాటేసరికే గుర్రపు డెక్కల చప్పుడు. 0.02 తేడా అయితే 10 మిల్లీసెకన్లే. అందుకే పిచ్ ఫేడర్ (వేగం మార్చే జారుడు మీట) పరిధిని ప్లస్ మైనస్ 6 శాతానికి తగ్గించి పెట్టుకోవాలి. చాలా ప్లేయర్లలో పరిధి పెంచినకొద్దీ ఒక్కో మెట్టు మొరటుగా మారుతుంది.

మొదటి మూడు రోజులు నిరాశగానే గడిచాయి. ఏదో జారుతోందని తెలుస్తుంది, ఎటు జారుతోందో తెలియదు. ఊహించి నెట్టడం, రెండోసారి ఇంకా దూరం కావడం. మార్పు తెచ్చింది ఒక చిన్న చిట్కా. హెడ్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుని, కొత్త ట్రాక్‌కు లో ఈక్యూ (మంద్ర శబ్దాల నాబ్) పూర్తిగా తగ్గించి, కిక్ కొట్టే మొన మాత్రమే వినాలి. బరువు లేకపోతే ఏది ముందు పడుతోందో విడిగా తెలుస్తుంది. ఇంకో పద్ధతి, కొత్త ట్రాక్‌ను ప్లేయర్ మీది చక్రం, అంటే జాగ్ వీల్‌తో కావాలని కొంచెం ముందుకు తోసి వినడం. చప్పుడు ఇంకా విడిపోతే అది ముందే ఉందన్నమాట, దగ్గరైతే వెనకబడి ఉందన్నమాట. జాగ్‌తో సర్దిన ప్రతిసారీ అదే దిక్కుకు ఫేడర్‌ను కూడా చిటికెడు కదపాలి. జాగ్ స్థానాన్ని సరిచేస్తుంది, వేగాన్ని కాదు. ఈ రెండోది మర్చిపోతే 8 బార్లకోసారి నెడుతూనే ఉండాల్సి వస్తుంది.

రోజుకు 20 జతలు. ఆరో రోజున మొదటిసారి 32 బార్ల పాటు చెయ్యి తీసేసి నిలబడ్డాను. రెండు కిక్‌లు ఒక్కటై నడిచాయి. ఆ నిమిషం మర్చిపోలేను.

కీ లాక్ సంగతి తేలింది కూడా ఈ వారంలోనే. కొన్ని ప్లేయర్లలో దాని పేరు మాస్టర్ టెంపో. అది ఆపి ఉంటే వేగంతో పాటు శ్రుతీ మారుతుంది, దాదాపు 6 శాతానికి పూర్తి అరమెట్టు. 124 ట్రాక్‌నూ 128 ట్రాక్‌నూ 127 దగ్గర కలిపితే మొదటిది 41 సెంట్లు ఎక్కుతుంది, రెండోది 14 దిగుతుంది. కాగితం మీద రెండూ 4ఎ, చెవిలో మాత్రం సగం అరమెట్టుకు మించిన అపశ్రుతి. చక్రం ప్రకారం అన్నీ సరిగ్గా చేశాను, ఎందుకు పుల్లగా ఉంది అని తల పట్టుకునేవాళ్లు ముందు ఈ బటన్ చూడాలి.

లాక్ వేస్తే శ్రుతి నిలుస్తుంది కానీ కిక్ మొన మెత్తబడుతుంది. 2 శాతం లోపల నాకు తేడా తెలియలేదు. 4 దగ్గర కిక్ ముందు చిన్న మసక, గొంతులో నీళ్లు పోసినట్టు ఒక తడి. అందుకే సెట్ మొత్తాన్ని 125, 128 మధ్యే ఉంచి, ఏ ట్రాక్‌నూ రెండున్నర శాతం మించి కదపకూడదని నిర్ణయించుకున్నాను. ఉత్త డ్రమ్స్ ఉన్నవాటికి లాక్ అవసరమే లేదు.

జనవరి 29 నుంచి ఫిబ్రవరి 5: జతలు

చక్రం ఒప్పుకున్నా కలవనివి, వద్దన్నా కలిసినవి, రెండూ ఇక్కడే బయటపడ్డాయి.

ఒకే కీలో ఉన్న రెండు బేస్‌లైన్లు కలిపి వేస్తే చాలాసార్లు బురదే. స్వరాలు ఒకటే అయినా నడక వేరు, ఒకదాని ఖాళీల్లోకి రెండోది వచ్చి దూరుతుంది. అదీగాక 50 హెర్ట్జ్ కిక్‌లో ఒక ఊపు 20 మిల్లీసెకన్లు. రెండు కిక్‌ల మధ్య 10 మిల్లీసెకన్ల తేడా ఉంటే ఒకటి ఎక్కేటప్పుడు రెండోది దిగుతుంది, ఉన్న బరువు కూడా పోతుంది. రెండు కిక్‌లు కలిస్తే శబ్దం పెరగాలి గానీ పలచబడిందేమిటి అని ఆశ్చర్యపోతే కారణం ఇదే. కొత్త ట్రాక్‌కు లో ఈక్యూ పూర్తిగా తగ్గించి తీసుకురావాలి. 17వ బార్ మొదటి బీట్ మీద ఒక్క కదలికలో రెండు నాబ్‌లూ మార్చాలి, పాతది కిందికి, కొత్తది మధ్యకు. నెమ్మదిగా తిప్పితే మధ్యలో నాలుగైదు సెకన్లు రెండు బేస్‌లూ సగంసగం మిగులుతాయి.

పక్క అంకెకు వెళ్లేటప్పుడు ఏడింటిలో ఆరు స్వరాలు ఒకటే, ఒక్కటే తేడా. ఆ ఒక్కటీ ఎక్కడుందో చూడాలి. 4ఎలో డి ఫ్లాట్ ఉంటుంది, 5ఎలో డి. పాత ట్రాక్ బేస్‌లైన్ డి ఫ్లాట్ మీదే ఒరిగి నడుస్తుంటే, కొత్త ట్రాక్‌లో డి వినపడగానే రెండూ కొరుక్కుంటాయి. అలాంటి చోట 4 నుంచి 3కు దిగడం నాకు బాగా పనిచేసింది, 3ఎలో డి ఫ్లాట్ అలాగే ఉంటుంది.

రెండు అంకెలు దూకితే, 4ఎ నుంచి 6ఎ, పూర్తి మెట్టు పైకి లేచినట్టుంటుంది. మధ్యలో 16 బార్లు డ్రమ్స్ మాత్రమే కలిస్తే సాఫీగా పోతుంది. ఏడు కలిపితే, 4ఎ నుంచి 11ఎ, అరమెట్టు పైకి. అక్కడ స్వరాలు కలిసి వినపడనే కూడదు. పాతదాన్ని బ్రేక్‌డౌన్‌లో ఎకోతో వదిలి, కొత్తదాన్ని నేరుగా డ్రాప్ మీద దించాలి. ఐదు ప్రయత్నాల్లో రెండే నిలిచాయి, కానీ ఆ రెండు చోట్లా గది ఒక్కసారిగా వెలిగినట్టు ఉంది.

ఒక తప్పు మాత్రం ఒక సాయంత్రమంతా తిప్పించింది. కిక్‌లు సరిగ్గా పడుతున్నాయి, కీ ఒకటే, అయినా పైన షేకర్లు గలగలమంటూ విడిపోతున్నాయి. గ్రిడ్‌ను మూడుసార్లు చూశాను. లోపం గ్రిడ్‌లో లేదు, స్వింగ్‌లో (మధ్య దెబ్బలను కావాలని కాస్త ఆలస్యంగా వేయడంలో) ఉంది. 126 దగ్గర రెండు పదహారో భాగాలు (ఒక్కోటి బీట్‌లో పావు) కలిసి 238 మిల్లీసెకన్లు. స్వింగ్ లేని ట్రాక్‌లో రెండోది సరిగ్గా మధ్యలో, 119 దగ్గర పడుతుంది. 58 శాతం స్వింగ్ ఉన్న ట్రాక్‌లో 138 దగ్గర. బీట్ ఎంత బాగా కలిపినా ఆ 19 మిల్లీసెకన్లు పోవు. మందు ఏమిటంటే, రెండింట్లో ఒకదాని హై ఈక్యూ బాగా తగ్గించి ఉంచడం, లేదా కలయికను 8 బార్లలో ముగించడం. అప్పటి నుంచి వ్యాఖ్య గడిలో కీ పక్కన స్వింగ్ ఎక్కువ, తక్కువ అని కూడా రాస్తున్నాను. దీని గురించి ముందే తెలిసుంటే బాగుండేది.

ఫిబ్రవరి 6 నుంచి 12: వరుస

22 ట్రాక్‌లు, ఒక్కోటి ఐదు నిమిషాలు, ఒక్కో కలయిక నిమిషం. లెక్కకు 89 నిమిషాలు వస్తుంది. మొదటి వరుసలో 4ఎ లోనే నాలుగు ట్రాక్‌లు ఒకదాని వెంట ఒకటి పెట్టాను. కలయికలు నునుపుగా ఉన్నాయి, వింటే నిద్ర వచ్చింది. పదిహేడు నిమిషాలు ఒకే ఆధార స్వరం మోగితే చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. రెండేసి ట్రాక్‌లకోసారి కీ కదిలేలా మార్చాను.

టెంపో 125 నుంచి 128కి ఎక్కించాలి. ఒక్క ట్రాక్ మాత్రమే మోగుతున్నప్పుడు, 8 బార్లకు 0.1 చొప్పున. అలా అయితే ఎవరికీ తెలియదు. రెండు ట్రాక్‌లు కలిసి ఉన్నప్పుడు ఒక ఫేడర్ కదిపితే రెండోది జారిపోతుంది.

ప్రతి ట్రాక్‌కు, నేరుగా అక్కడికి దూకడానికి, నాలుగు క్యూ గుర్తులు: మొదటి బీట్, బేస్ వచ్చే చోటు, బ్రేక్‌డౌన్‌కు 16 బార్ల ముందు, చివరి డ్రమ్స్ మొదలయ్యే చోటు. మూడోది అన్నిటికన్నా అక్కరకొచ్చింది.

ఫిబ్రవరి 13 నుంచి 17

13న గదిలో మొదటి రికార్డింగ్. 21 కలయికల్లో ఏడు బాగోలేదు. ఐదింట్లో తప్పు కీది కాదు, టెంపోది కాదు, లెవెల్‌ది. కొత్త ట్రాక్ రెండు మూడు డెసిబెల్స్ తక్కువుంటే కలయిక మొత్తం కుంగిపోయినట్టు ఉంటుంది. ట్రిమ్ నాబ్ (ఛానెల్ లెవెల్ సర్దేది) సరిచేయాల్సింది హెడ్‌ఫోన్స్‌లో వింటూ కాదు, రెండు ఛానెళ్ల మీటర్లూ పక్కపక్కన చూస్తూ, అదీ బేస్ ఉన్న భాగం మోగుతుండగా. ఇంట్రో చూసి సర్దితే డ్రాప్ దగ్గర ఎర్ర దీపం వెలుగుతుంది.

15న పెద్ద స్పీకర్లున్న చోట ప్రయత్నం. మొదటి 40 నిమిషాలు మిక్స్ చేయడానికే లేకపోయింది. నా యూఎస్‌బీ ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో ఉంది, అక్కడి పాత ప్లేయర్ దాన్ని గుర్తించలేదు. ఫ్యాట్32కు మార్చి, అంతా మళ్లీ ఎక్కించాల్సి వచ్చింది. ఇప్పుడు రెండు స్టిక్‌లు, రెండూ ఫ్యాట్32.

రెండో ఆశ్చర్యం గాలిలో ఆలస్యం. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. స్పీకర్లు 10 మీటర్ల దూరంలో ఉంటే మన చెవికి 29 మిల్లీసెకన్ల తర్వాత వస్తుంది. హెడ్‌ఫోన్‌లో కొత్త ట్రాక్‌ను ఆ దూరపు స్పీకర్‌కు కలిపితే బయట రెండూ 29 మిల్లీసెకన్లు తేడాగా మోగుతాయి. దగ్గరున్న బూత్ మానిటర్‌ను (డీజే పక్కనుండే స్పీకర్‌ను) తగినంత పెంచి దానికి కలపాలి. అది లేకపోతే హెడ్‌ఫోన్‌లోనే రెండు ఛానెళ్లూ పెట్టుకుని వింటూ కలపాలి. నేను రెండోది చేశాను. బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఈ పనికి అసలు పనికిరాదు, దానిలోని ఆలస్యం దీనికన్నా ఎన్నో రెట్లు.

17న సాయంత్రం చివరి రికార్డింగ్, ఆపకుండా 91 నిమిషాలు. వెంటనే వినలేదు, ఒక రాత్రి గడిచాక విన్నాను. 21లో 19 కలయికలు అనుకున్నట్టే వచ్చాయి. తొమ్మిదో దానిలో షేకర్లు విడిపోయాయి, స్వింగ్ ఎక్కువ అని రాసుకున్న ట్రాకే అది, కంగారులో హై ఈక్యూ తగ్గించలేదు. పదహారోది 3ఎ అని వదిలేసిన ట్రాక్. కీబోర్డు తీసి మళ్లీ చూస్తే బేస్ ఎఫ్ మీద కూర్చుంది. ఆ గడి 4ఎగా మార్చి, పక్కన జి ఫ్లాట్ అని రాసి పెట్టాను.